ఆ ఫోల్డర్‌ను ఎవరు పట్టుకున్నారు?

కంప్యూటర్ సందేహాలు – సమాధానాలు

ఈ నెల అందిన ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఒక్కటే: ఒక ఫోల్డర్ పేరు మారడం లేదు, లేదా అది చెరిగిపోవడం లేదు. అయితే ఒక్కొక్కరి కంప్యూటర్ చెబుతున్న కారణం ఒక్కొక్కటి. తెర మీద కనబడే ఆ సందేశాన్ని చదవకుండానే మూసేసి మళ్ళీ మళ్ళీ డిలీట్ నొక్కడం మనలో చాలామందికి అలవాటు. అసలు మందు ఏమిటో చెప్పేది ఆ సందేశమే కాబట్టి, ఉత్తరం రాసేటప్పుడు దాన్ని మాట మార్చకుండా రాసి పంపిన పాఠకులందరికీ కృతజ్ఞతలు. ఈ సమాధానాలు విండోస్ 10, విండోస్ 11 వాడేవారిని దృష్టిలో ఉంచుకొని రాసినవి.

ప్రశ్న: మాది చిన్న ఫొటో స్టూడియో. పెళ్ళి ఆల్బమ్ డిజైన్ పూర్తయ్యాక ఆ ఫోల్డర్ పేరు చివర ‘ఫైనల్’ అని చేర్చి ప్రింటింగ్ ల్యాబ్‌కు పంపడం మా పద్ధతి. వారం రోజులుగా పేరు మార్చబోతే ‘ఈ ఫోల్డర్ గాని, ఇందులోని ఫైలు గాని మరొక ప్రోగ్రామ్‌లో తెరిచి ఉంది’ అని వస్తోంది. ఫొటోషాప్ మూసేసినా అంతే. షట్‌డౌన్ చేసి మళ్ళీ ఆన్ చేసినా ఒక్కోసారి అదే వరస. ఎలాంటి ఫోల్డర్‌నైనా బలవంతంగా తొలగించే సాఫ్ట్‌వేర్ ఉందని ఒక మిత్రుడు ఇచ్చాడు. వాడమంటారా? – ఒక పాఠకుడు, తాడేపల్లిగూడెం

జవాబు: ఇప్పుడే వాడవద్దు. మీ ఫోల్డర్‌కు ఎవరూ తాళం వేయలేదు. దాన్ని ఎవరో పట్టుకొని ఉన్నారు, అంతే. ఆ పట్టుకున్నది ఎవరో కనుక్కుంటే పని చాలావరకు అయిపోయినట్లే.

ఒక ప్రోగ్రామ్ ఏదైనా ఫైలును తెరిచినప్పుడు విండోస్ దానికి ‘హ్యాండిల్’ అనే ఒక పట్టును ఇస్తుంది. ఆ పట్టు తీసుకునేటప్పుడే, తాను వాడుతున్నంతసేపూ ఇతరులు ఈ ఫైలును చదవవచ్చా, ఇందులో రాయవచ్చా, దీన్ని తొలగించవచ్చా అన్న మూడు విషయాలనూ ఆ ప్రోగ్రామ్ విండోస్‌కు తెలియజేస్తుంది. తొలగించడానికి వీల్లేదని అది చెప్పి ఉంటే, పట్టు వదిలేదాకా ఆ ఫైలును మీరు గాని, అడ్మినిస్ట్రేటర్ గాని కదపలేరు. ఫోల్డర్ పేరు విషయంలో ఇది మరింత ఇబ్బంది పెడుతుంది, ఎందుకంటే నాలుగు ఫోల్డర్ల లోపల ఎక్కడో ఒక చిన్న ఫొటో తెరిచి ఉన్నా, దాని పైనున్న ఫోల్డర్లలో దేని పేరు మార్చినా ఆ ఫొటో చిరునామా మారిపోతుంది కాబట్టి, విండోస్ ఆ పేర్లు వేటినీ మార్చనివ్వదు. విండోస్‌కు బదులు లినక్స్ అనే మరో వ్యవస్థను వాడేవారికి ఈ బాధ తక్కువ. అక్కడ ఫైలు పేరు వేరు, అందులోని సరుకు వేరు అన్నట్లు లెక్క ఉంటుంది గనుక, పేరు వెంటనే చెరిగిపోతుంది, సరుకు మాత్రం చివరి ప్రోగ్రామ్ వదిలేదాకా డిస్క్ మీద ఉంటుంది.

మీ స్టూడియోలో ఎవరెవరిని అనుమానించాలో చూద్దాం. మొదటిది, ఫోల్డర్లను తెరిచి చూపే ఎక్స్‌ప్లోరర్ కుడివైపున బొమ్మను పెద్దదిగా చూపే ప్రివ్యూ పేన్. మీరు ఒక్క క్లిక్‌తో ఎంచుకున్న ఫైలును అది కూడా తెరుస్తుంది. ఆల్ట్ తో పాటు పి నొక్కితే అది మూసుకుంటుంది. రెండోది, వందల ఫొటోలకు చిన్న బొమ్మలు తయారుచేసే పనిలో ఉన్న ఎక్స్‌ప్లోరరే. మూడోది, కొత్త ఫైలు కనబడగానే తనిఖీకి దిగే యాంటీవైరస్. నాలుగోది వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్ వంటి సింక్ ప్రోగ్రామ్‌లు. మీ పెళ్ళి ఫోల్డర్ డెస్క్‌టాప్ మీద ఉండి, ఆ డెస్క్‌టాప్ వన్‌డ్రైవ్‌తో కలిపి ఉంటే, ఫొటోషాప్‌లో చేసిన పెద్ద పీఎస్‌డీ ఫైలు ఇంటర్నెట్‌లోకి ఎక్కుతున్నంతసేపూ పట్టు ఉండవచ్చు. గడియారం పక్కనున్న మబ్బు గుర్తు మీద నొక్కి సింక్‌ను తాత్కాలికంగా ఆపి చూడండి. ఇక ఫొటోషాప్ కిటికీ మూసినంత మాత్రాన ఆ ప్రోగ్రామ్ పూర్తిగా ఆగినట్లు కాదు. వెనుక పెద్ద ఫైలు ఇంకా సేవ్ అవుతూ ఉండవచ్చు.

అనుమానాలతో సరిపెట్టుకోనక్కరలేదు, విండోస్‌లోనే దీన్ని తేల్చే సాధనం ఉంది. స్టార్ట్‌లో ‘రిసోర్స్ మానిటర్’ అని వెతికి తెరవండి. అందులో సీపీయూ అనే ట్యాబ్‌కు వెళితే ‘అసోసియేటెడ్ హ్యాండిల్స్’ అనే వరుస, దాని పక్కన వెతికే పెట్టె ఉంటాయి. ఆ పెట్టెలో మీ ఫోల్డర్ పేరులోని ఒక ముక్కను కొట్టండి. కొన్ని క్షణాల్లో ఆ ఫోల్డర్‌ను గాని, అందులోని ఫైలును గాని పట్టుకున్న ప్రోగ్రామ్ పేరు, దాని పక్కన ఆ ఫైలు పూర్తి చిరునామా కనబడతాయి. తెలుగు పేరు పెట్టుకున్నవారు ఒక చిన్న సంగతి గుర్తుంచుకోవాలి: ‘ఫైల్‌లు’ వంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనబడని విడదీసే గుర్తు ఉంటుంది. మీరు వెతికేటప్పుడు అది పడకపోతే పేరు దొరకదు. కాబట్టి అలాంటి గుర్తు అవసరం లేని మాటను ఎంచుకొని వెతకండి.

కనబడిన పేరు మీకు తెలిసిన ప్రోగ్రామ్‌దైతే దాన్ని తెరిచి, పని సేవ్ చేసి, పద్ధతిగా మూయండి. అది ఎక్స్‌ప్లోరర్ అయితే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచి, విండోస్ ఎక్స్‌ప్లోరర్‌ను ఎంచుకొని రీస్టార్ట్ నొక్కండి. టాస్క్‌బార్, డెస్క్‌టాప్ గుర్తులు ఒక్క క్షణం మాయమై మళ్ళీ వస్తాయి, కంగారు పడనవసరం లేదు. రిసోర్స్ మానిటర్ జాబితాలో ‘సిస్టమ్’ అని, దాని నంబరు 4 అని కనబడితే మాత్రం దాని జోలికి పోవద్దు. అది విండోస్ గుండెకాయ. సాధారణంగా మరో కంప్యూటర్ నుంచి ఎవరో నెట్‌వర్క్ ద్వారా ఆ ఫోల్డర్‌ను చూస్తున్నప్పుడు పట్టు ఆ పేరు మీద కనబడుతుంది.

ఇదే పని రోజూ తగిలేవారు మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్‌ను వేసుకుంటే, 2022లో అందులో చేరిన ఫైల్ లాక్‌స్మిత్ అనే భాగం ద్వారా ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ఎవరు పట్టుకున్నారో అక్కడికక్కడే చూడవచ్చు. మరింత లోతుగా చూడాలంటే మార్క్ రసినోవిచ్ రాసిన ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ ఉంది. ఆయన సంస్థను మైక్రోసాఫ్ట్ 2006లో కొనుగోలు చేసింది, కాబట్టి అదీ మైక్రోసాఫ్ట్ సైట్‌లోనే దొరుకుతుంది.

షట్‌డౌన్ చేసినా పట్టు వదలకపోవడానికి కారణం కూడా చెప్పాలి. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ‘ఫాస్ట్ స్టార్టప్’ అనే ఏర్పాటు ఉంది. షట్‌డౌన్ నొక్కినప్పుడు మీ ప్రోగ్రామ్‌లన్నీ మూసుకుంటాయి గాని, విండోస్ లోపలి భాగం, డ్రైవర్ల స్థితి డిస్క్ మీద భద్రమై, మళ్ళీ ఆన్ చేయగానే అదే స్థితిలో లేస్తాయి. రీస్టార్ట్ అలా కాదు, అది అన్నింటినీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. కాబట్టి ఇలాంటి సమయంలో షట్‌డౌన్ కాకుండా రీస్టార్ట్ చేయండి. లేదా షిఫ్ట్ పట్టుకొని షట్‌డౌన్ నొక్కండి. అదీ ఫలించకపోతే షిఫ్ట్ పట్టుకొని రీస్టార్ట్ నొక్కి, ట్రబుల్‌షూట్ దారిలో స్టార్టప్ సెట్టింగ్స్‌కు వెళ్ళి, 4 నొక్కి సేఫ్ మోడ్‌లోకి రండి. బయటి కంపెనీల ప్రోగ్రామ్‌లు అక్కడ దాదాపుగా నడవవు గనుక పేరు మారుతుంది.

ఇక ఆ బలవంతపు సాఫ్ట్‌వేర్ సంగతి. అలాంటివి చాలావరకు చేసే పని, ప్రోగ్రామ్ చేతిలోని హ్యాండిల్‌ను దానికి తెలియకుండా లాగేయడం. పట్టు పోయిందని ఆ ప్రోగ్రామ్‌కు తెలియదు. అదే హ్యాండిల్ నంబరును విండోస్ మరో ఫైలుకు ఇచ్చినప్పుడు, ప్రోగ్రామ్ తన పాత ఫైలే అనుకొని ఆ కొత్త ఫైలులో రాసేయవచ్చు. పన్నెండు బై ముప్పై ఆరు షీటు ఒకటి సగం సేవ్ అయిన చోట ఇలా జరిగితే ఆ పీఎస్‌డీ మళ్ళీ తెరుచుకుంటుందన్న నమ్మకం లేదు. డిజైన్ మళ్ళీ చేసుకోవచ్చు గాని, అసలు ఫొటోలే పోతే ఆ పెళ్ళివారికి మనం ఏం చెప్పగలం?

ప్రశ్న: డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. పాత కంప్యూటర్ పాడైపోతే దాని హార్డ్ డిస్క్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కొత్త కంప్యూటర్‌కు తగిలించాను. పదేళ్ళ పేజ్‌మేకర్ ఫైళ్ళు, శుభలేఖల డిజైన్లు అందులోనే ఉన్నాయి. నా పేరుతో ఉన్న ఫోల్డర్‌ను తెరవబోతే అనుమతి లేదంటోంది. తొలగించబోతే ‘ఎస్-1-5-21’తో మొదలయ్యే పెద్ద నంబరు చూపి, అతని అనుమతి కావాలంటోంది. పాత, కొత్త కంప్యూటర్లలో నా యూజర్ పేరు ఒక్కటే. – ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అమ్మా, మీ పేరు ఒక్కటే అయినా విండోస్ దృష్టిలో ఆ ఇద్దరూ వేర్వేరు మనుషులు. ప్రతి యూజర్‌ను విండోస్ గుర్తుపెట్టుకునేది పేరుతో కాదు, ఖాతా తయారైనప్పుడు పుట్టిన ఆ పొడవాటి గుర్తింపు నంబరుతో. పాత కంప్యూటర్‌లోని మీ నంబరు ఎవరిదో కొత్త కంప్యూటర్‌కు తెలియదు, కాబట్టే పేరుకు బదులు నంబరే చూపిస్తోంది. ఇక్కడ ఫోల్డర్‌ను ఎవరూ పట్టుకోలేదు, సమస్య యాజమాన్యానిది. పై స్టూడియో పాఠకుడికి చెప్పిన మందు మీకు పనిచేయదు, సేఫ్ మోడ్‌కు వెళ్ళినా ఈ అనుమతులు మారవు.

అడ్మినిస్ట్రేటర్ ఖాతాతో లాగిన్ అయి, ఆ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్ వరుసగా తెరవండి. పైన ఓనర్ అన్నచోట ఆ పాత నంబరు కనబడుతుంది. పక్కనున్న ఛేంజ్ నొక్కి మీ ఇప్పటి యూజర్ పేరు ఇచ్చి సరిచూడండి. తర్వాత ‘లోపలి ఫోల్డర్లకు, ఫైళ్ళకు కూడా యజమానిని మార్చు’ అనే అర్థమిచ్చే చిన్న గడిలో టిక్కు పెట్టడం మరువవద్దు. ఆ ఒక్క టిక్కు మరిచిపోయి, పై ఫోల్డర్ మాత్రమే తెరుచుకుని లోపలివి తెరుచుకోలేదని రాసేవారు ఎందరో. ఓకే నొక్కి కిటికీలన్నీ మూసి, మళ్ళీ అదే చోటికి వెళ్ళి, యాడ్ ద్వారా మీ పేరును చేర్చి ఫుల్ కంట్రోల్ ఇవ్వండి. పదేళ్ళ ఫైళ్ళు గనుక ఇది గబగబా అయిపోదు. మధ్యలో కేబుల్ కదపకుండా ఓపికగా ఉండండి. ఫైళ్ళన్నింటినీ మరో డిస్క్‌లోకి కాపీ చేసుకొని, నాలుగైదు పాత శుభలేఖలు సక్రమంగా తెరుచుకుంటున్నాయో లేదో చూసుకున్నాకే తొలగింపు సంగతి ఆలోచించండి.

రెండు హెచ్చరికలు. ఈ యాజమాన్యపు మార్పును మీ సొంత ఫోల్డర్ల మీద మాత్రమే చేయండి. మీరు ఇప్పుడు వాడుతున్న కంప్యూటర్ సీ డ్రైవ్‌లోని విండోస్, ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్లకు ‘ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్’ అనే విండోస్ సొంత ఖాతా యజమానిగా ఉండేది వాటిని మన చేతి నుంచి కాపాడడానికే. ఒక పరిచయస్థుడు అడ్డు తొలగిపోతుందని సీ డ్రైవ్ మొత్తానికి యాజమాన్యం మార్చుకున్నాడు. ఆ తర్వాత అతని కంప్యూటర్‌కు అప్‌డేట్లు ఎక్కడం మానేశాయి, చివరికి విండోస్‌ను మళ్ళీ వేయక తప్పలేదు. రెండోది, పాత కంప్యూటర్‌లో ఎవరైనా ఆ ఫోల్డర్‌ను విండోస్ ద్వారానే ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే ఇతరులు చదవలేని రూపంలోకి మార్చి ఉంటే, యాజమాన్యం మార్చినా లోపలి ఫైళ్ళు తెరుచుకోవు. వాటికి పాత ఖాతాతో పుట్టిన, తాళంచెవి వంటి సర్టిఫికెట్ కావాలి. అలాంటప్పుడు పాత డిస్క్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ ఫార్మాట్ చేయించవద్దు, ఆ సర్టిఫికెట్ దొరికే అవకాశం ఏదైనా ఉంటే అది ఆ డిస్క్‌లోనే ఉంటుంది.

ప్రశ్న: పాఠశాల కార్యాలయంలో మూడు కంప్యూటర్లను నెట్‌వర్క్‌తో కలిపి వాడుతున్నాము. హెడ్‌మాస్టర్ గారి కంప్యూటర్‌లోని ‘పాత మార్కులు’ ఫోల్డర్‌ను నా కంప్యూటర్ నుంచి తొలగించబోతే, ఖాళీగా ఉన్నా సరే ‘థంబ్స్’ అనే ఫైలు వాడుకలో ఉందంటోంది. – ఒక పాఠకుడు, మదనపల్లె

జవాబు: ఫోల్డర్ ఖాళీగా లేదు; కనబడని ఫైలు ఒకటి అందులో ఉంది. ఫొటోలకు, పీడీఎఫ్‌లకు చిన్న బొమ్మలు తయారుచేసినప్పుడు, సొంత కంప్యూటర్‌లోనైతే విండోస్ వాటిని తన దగ్గర ఒకేచోట దాచుకుంటుంది. నెట్‌వర్క్ ఫోల్డర్‌కైతే ఆ ఫోల్డర్‌లోనే ఈ ఫైలును పెడుతుంది. మీరు ఫోల్డర్‌ను చూస్తుండడమే దాన్ని పట్టుకొని ఉండడం. ఎక్స్‌ప్లోరర్ ఫోల్డర్ ఆప్షన్స్‌లో వ్యూ ట్యాబ్‌కు వెళ్ళి, చిన్న బొమ్మలకు బదులు ఎప్పుడూ గుర్తులే చూపమనే మొదటి వరుసల్లోని ఎంపికకు టిక్కు పెట్టి, ఆ ఫోల్డర్ లోపలికి వెళ్ళకుండా బయటి నుంచే తొలగించండి.

ఇంకెవరైనా తెరిచి ఉంచారేమో చూడాలంటే హెడ్‌మాస్టర్ గారి కంప్యూటర్ దగ్గరకే వెళ్ళాలి. కంప్యూటర్ మేనేజ్‌మెంట్‌లో షేర్డ్ ఫోల్డర్స్ కింద ఓపెన్ ఫైల్స్ అనేచోట ఏ ఫైలు ఎవరి చేతిలో ఉందో వరుసగా కనబడుతుంది. అక్కడి నుంచే మూసే వీలుంది గాని, అటువైపు ఒకరు ఎక్సెల్‌లో మార్కులు ఎక్కిస్తూ ఉంటే సేవ్ కాని పని పోతుంది. పేరు తెలిసింది కదా, పక్క గదికి వెళ్ళి ‘ఆ ఫైలు ఒకసారి మూస్తారా’ అని అడగండి. ఎక్సెల్, వర్డ్ ఫైళ్ళు తెరిచినప్పుడు ‘~$’ గుర్తుతో మొదలయ్యే దాగిన ఫైలు ఒకటి పక్కనే పుడుతుంది. కరెంటు పోయినప్పుడు అది అలాగే మిగిలిపోయి, ఎవరూ తెరవకపోయినా తెరిచి ఉన్నట్లు భ్రమ కలిగిస్తుంది. అందరూ మూశారని రూఢి చేసుకున్నాక దాన్ని తొలగించవచ్చు.

ప్రశ్న: ఇంజనీరింగ్ విద్యార్థిని. నా ప్రాజెక్టు ఫోల్డర్‌లో ‘నల్’ అనే ఫైలు ఎలా వచ్చిందో తెలియదు. దాన్ని తొలగించలేను, పేరు మార్చలేను, దానివల్ల ఫోల్డర్ కూడా పోదు. వైరస్సా? – ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: వైరస్ కాదు. ఎన్, యు, ఎల్ అనే ఆ పేరును, అలాగే కాన్, ఆక్స్, పీఆర్‌ఎన్, కామ్1, ఎల్‌పీటీ1 వంటి కొన్ని పేర్లను విండోస్‌కు ముందున్న డాస్ కాలం నుంచి పరికరాల కోసం కేటాయించి ఉంచారు. నల్ అంటే రాసిందల్లా మాయమైపోయే శూన్య పరికరం. లినక్స్ పద్ధతిలో నడిచే కొన్ని సాధనాలు ఈ నియమాన్ని దాటవేసి నిజంగానే ఆ పేరుతో ఫైలు పుట్టిస్తాయి. పుట్టించిన దారిలోనే తొలగించాలి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, డి, ఇ, ఎల్ అనే మూడు ఇంగ్లిషు అక్షరాలు కొట్టి, ఖాళీ వదిలి, కొటేషన్ గుర్తు తెరిచి, వెంటనే \\?\ అనే నాలుగు గుర్తులు కొట్టి, వాటిని ఆనుకొని డ్రైవ్ అక్షరంతో సహా ఫైలు పూర్తి చిరునామా రాసి, కొటేషన్ మూసి ఎంటర్ నొక్కండి. ఆ నాలుగు గుర్తులు ‘పేరును పరిశీలించకు, ఉన్నది ఉన్నట్లు తీసుకో’ అని విండోస్‌కు చెప్పే మాట. పేరు చివర చుక్క గాని, ఖాళీ గాని ఉండడం వల్ల ‘ఈ వస్తువు ఇక్కడ లేదు’ అని మొరాయించే ఫోల్డర్లకూ ఇదే ఉపాయం. అయితే ఫోల్డర్ కాబట్టి మొదటి మూడు అక్షరాలకు బదులు ఆర్, డి అని కొట్టాలి.

ప్రశ్న: ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో ‘రీడ్ ఓన్లీ’ గడిలోని గుర్తు తీసేసినా మళ్ళీ వస్తోంది. అందుకే చెరగడం లేదా? – ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: కాదు. ఫోల్డర్‌కు ఆ గుర్తు ఉన్నా తొలగింపుకు అడ్డు కాదు. ప్రత్యేకమైన గుర్తు, అమరిక గల ఫోల్డర్లను తెలుసుకోవడానికి ఎక్స్‌ప్లోరర్ దాన్ని వాడుకుంటుంది. గడిలో టిక్కు కాకుండా నిండు చతురస్రం కనబడడం మామూలే. దాని వెంట పడకుండా, అసలు వస్తున్న సందేశాన్ని రాసి పంపండి.

ప్రశ్న: పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి. మా ప్రాంతపు గ్రామ చరిత్రలను సేకరించి, జిల్లా, మండలం, గ్రామం, విషయం వారీగా తెలుగు పేర్లతో ఫోల్డర్లు పెట్టుకున్నాను. ఒక పాత ప్రతిని తొలగించబోతే ‘పేరు మరీ పొడవుగా ఉంది’ అంటోంది. పేర్లు నాలుగైదు అక్షరాలే కదా! – ఒక పాఠకుడు, తిరుపతి జిల్లా

జవాబు: మాస్టారూ, మీ కంటికి నాలుగైదు అక్షరాలే, కంప్యూటర్ లెక్క వేరు. డ్రైవ్ అక్షరం నుంచి చివరి ఫైలు పేరు దాకా, మధ్యలోని గీతలతో సహా మొత్తం చిరునామా 260 గుర్తులకు మించకూడదన్నది విండోస్ పాత హద్దు. తెలుగులో హల్లు ఒక గుర్తు, పొల్లు ఒక గుర్తు, గుణింతం ఒక గుర్తు. ‘శ్రీకాళహస్తి’ని మనం అయిదక్షరాలుగా చదువుతాము, కంప్యూటర్ శ, పొల్లు, ర, ఈత్వం, క, దీర్ఘం, ళ, హ, స, పొల్లు, త, గుడి అని 12 లెక్కపెడుతుంది. ‘రాష్ట్రం’ రెండక్షరాల మాట, లెక్కకు 8. జిల్లా పేరు, మండలం పేరు, గ్రామం పేరు, ఆపై ‘దేవాలయ శాసనాల ఛాయాచిత్రాలు’ వంటి పేరు ఒకదానిలో ఒకటి చేరితే 260 దాటడం పెద్ద విషయం కాదు. ఆ ఫోల్డర్‌ను మీరు పెట్టినప్పుడు హద్దులోనే ఉండి ఉండవచ్చు. తర్వాత పై ఫోల్డర్ పేరు పెంచినప్పుడో, మొత్తాన్ని మరో ఫోల్డర్ లోపలికి చేర్చినప్పుడో లోపలివి హద్దు దాటి ఉంటాయి.

లోపలి ఫైళ్ళతో కుస్తీ పట్టకండి. అన్నింటికంటే పైనున్న ఫోల్డర్ దగ్గర మొదలుపెట్టి, దాని పేరును ‘1’ అని మార్చండి. దాని లోపలిది ‘2’, ఆ లోపలిది ‘3’. ఇలా మూడు నాలుగు మెట్లు దిగేసరికి చిరునామా కుదించుకుపోయి, తొలగింపు మామూలుగా జరుగుతుంది. 2016లో విండోస్ 10కు వచ్చిన ఒక మార్పుతో ఈ హద్దును ఎత్తివేసే వీలు కలిగింది గాని, దాన్ని సెట్టింగుల్లో మనం తెరవాలి, ఆ ప్రోగ్రామ్ కూడా దానికి సిద్ధపడి ఉండాలి. రోజూ వాడే ఎక్స్‌ప్లోరర్‌కు ఆ వెసులుబాటు ఇంకా పూర్తిగా అందలేదు.

ఎప్పుడైనా ఈ సేకరణను లినక్స్ కంప్యూటర్‌కు మార్చే ఆలోచన ఉంటే మరో లెక్క కూడా చూసుకోవాలి. అక్కడ ఒక్కొక్క పేరుకు హద్దు 255 బైట్లు. తెలుగు గుర్తు ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటుంది కాబట్టి, ‘శ్రీకాళహస్తి’ ఒక్కటే 36 బైట్లు, మొత్తం పేరులో 85 తెలుగు గుర్తులకు మించి పట్టవు. తెలుగు పేర్లు మానవద్దు. జిల్లా, మండలం పేర్లను ఫోల్డర్లకే వదిలి, లోపలి ఫైళ్ళ పేర్లలో వాటిని మళ్ళీ రాయకుండా, ‘శాసనం 1’, ‘శాసనం 2’ అని పెట్టుకుంటూ రండి. తొలగించదలచిన ఆ పాత ప్రతిలో, కొత్త ప్రతిలో లేని ఫొటో ఏదైనా ఉందేమో, పేర్లు కుదించాక ఒకసారి తెరిచి చూసి మరీ తొలగించండి.